నాలుగు నున్నటి తీగలు

ఫిబ్రవరి 7, శుక్రవారం

పెళ్లిరోజు. పంతొమ్మిదేళ్లు.

మార్క్ గుంటూరు యార్డులో మిరపకాయ దింపి వస్తూ నాకో కానుక తెచ్చాడు. చీర కాదు, స్వీట్ల పెట్టె కాదు, బేస్ గిటారుకి నాలుగు కొత్త తీగలు. పొద్దస్తమానం టాటా ఏస్ తోలే మనిషి మ్యూజిక్ షాపులోకెళ్లి ఏమడిగాడో తనే చెప్పి నవ్వించాడు. "లావు గిటారుకి తీగలివ్వండి, మా ఆవిడ వాయిస్తది, బాగా మోగాలి" అన్నాడట.

నేను బడి నుంచి వచ్చేసరికే పాతవి విప్పేసి, కొత్తవి బిగించి, గిటారుని మంచం మీద దిండుకి ఆనించి కూర్చోబెట్టాడు. చుట్టమొచ్చినట్టు.

"ఎట్టా ఉన్నాయి సువార్తా?"

"చాలా బాగున్నాయి."

చాలా బాగున్నాయి. వెండిలా మెరుస్తున్నాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం

బాలేవు.

చర్చిలో మొదటి పాట ఎత్తుకోగానే తెలిసిపోయింది. వేలు తగిలిన చోటల్లా టంగుమంటోంది. వేలు జరిపితే తీగ మీద కీచుమంటోంది. ఎవరో వెనక కూర్చుని స్టీలు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నట్టుంది. పాత తీగలు ఎన్నేళ్లవో, నల్లబడి, మురికిపట్టి ఉండేవి. వాటి మోత ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేది కాదు, కింద నుంచి పాటని ఎత్తి పట్టుకున్నట్టుండేది అంతే. అది ఇంత మంచిదని పోయాక తెలిసింది.

అత్త మధ్యలో ఆగిపోయింది. అది రాయాలి. పుల్లమ్మత్తకి డెబ్బై రెండేళ్లు. మార్క్‌ని కన్న తల్లే కాదు, మా చర్చిలో ఆడవాళ్ల పాటంతా ఆమె వెనకే నడుస్తుంది. చదువు రాదు, పాటల పుస్తకం మొత్తం నోటికొచ్చు. మిరపచేలల్లో కోతకి వంగి పాడి పాడి గట్టిపడిన గొంతు. అలాంటి మనిషి ఇవాళ రెండో చరణంలో నోరు మూసుకుని నా వైపు చూసింది. ఆమె ఆగితే చాప మీద ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు ఆగారు. జోసఫ్ గారు కీబోర్డు మీద ఒక్కరే పాట ముగించారు.

బయటికొచ్చాక అత్త అంది, "అమ్మాయ్, నువ్వు వాయించేది ఇనపడతంది. నేను పాడేది నాకు ఇనపట్లా."

జోసఫ్ గారు చెప్పులేసుకుంటూ నిదానంగా అన్నారు. "టీచర్ గారూ, ఏమీ అనుకోకండి. కొత్త కీబోర్డులో బేస్ కూడా ఉందండి. ఎడమ చేత్తో నేనే ఇచ్చేస్తాను. మీరు కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి."

విశ్రాంతి. పద్నాలుగు నెలలుగా అందరూ నాకు ఇచ్చేది అదే.

"సరిచేస్తానండి" అన్నాను.

"సరే, మట్టల ఆదివారం దాకా చూద్దాం. అప్పటికీ ఇట్టాగే ఉంటే ఈస్టర్‌కి నేను వాయిస్తాను."

మంచివారే. ఆయన్ని అనడానికేమీ లేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

పాత పేజీలు తిరగేశాను. ఈ పుస్తకం మొదటి పేజీలో ఒకే మాట ఉంది: నీళ్లు. ఆపరేషనైన మూడో రోజు అది. మాట్లాడొద్దన్నారు కాబట్టి రాసి చూపించాను. డాక్టరమ్మ ముందే చెప్పింది, థైరాయిడ్ గడ్డ గొంతు నరాన్ని పట్టుకుని ఉంది, తీస్తే గొంతు మారొచ్చని. మారింది. నలభై నాలుగేళ్ల మనిషికి అరవై ఏళ్ల గొంతొచ్చింది. బడిలో పిల్లలకి మైకు నడుముకి కట్టుకుని పాఠం చెబుతున్నాను. వాళ్లు అలవాటు పడ్డారు.

అంతకుముందు చర్చి పాటలో పై స్వరం నాదే. పండక్కి పక్క ఊళ్ల నుంచి కూడా వినడానికొచ్చేవాళ్లు.

అదంతా అయిపోయింది. నాకిప్పుడు పాటతో పని లేదు. వాయించేవాళ్లు లేక చర్చి బీరువా మీద పడున్న గిటారు తెచ్చుకున్నాను, ఫోనులో చూసి నేర్చుకున్నాను, హాయిగా ఉంది. తీగలు ఒక్కటే సరిచేసుకోవాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

టోన్ నాబ్ మొత్తం తగ్గించాను. స్పీకర్ మీద సన్నటి మోత పెంచే ట్రెబుల్ కూడా. ఇప్పుడు దుప్పటి కప్పుకుని గిన్నెలు పేరుస్తున్నట్టుంది.

మార్క్ అడిగాడు. బాగానే ఉందన్నాను.

ఫిబ్రవరి 15, శనివారం

పాత తీగలు దొరికాయి! మార్క్ బీరపాదుకి పందిరేశాడు వాటితో. పెరట్లో నించుని చూస్తే, పై తీగ మీద పిందె వేలాడుతోంది.

అత్తకి తెలియకుండా రెండు, తెలిశాక రెండు విప్పాను. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "పాదుకి సుతి పెడుతున్నావేంటే?"

మట్టి పట్టి ఉన్నాయి. ఫోనులో వెతికితే ఎవరో మరిగే నీళ్లలో వేసి పది నిమిషాలుంచమన్నాడు. పాల గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. నీళ్లు కాఫీ రంగుకి తిరిగాయి. తుడిచి, ఆరబెట్టి, మార్క్ బండేసుకుని వెళ్లాక బిగించాను.

కొత్తవాటికంటే గట్టిగా మోగుతున్నాయి.

ఆ వీడియో మళ్లీ పెట్టి చివరిదాకా చూశాను. "పాతబడి మొద్దుబారిన తీగలకి మళ్లీ కొత్త మెరుపు రావాలంటే" అని మొదట్లోనే చెప్పాడు మహానుభావుడు. నాకు కావలసిన మొద్దుతనమంతా, ఎన్నో ఏళ్ల చెమటా మురికీ, పాల గిన్నెలో కాచి పెరట్లో పారబోశాను.

రాస్తూ నవ్వొస్తోంది. అప్పుడు రాలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మార్క్‌కి దొరికిపోయాను.

చర్చి నుంచి వచ్చి పందిరి సరిచేద్దామని పెరట్లోకెళ్లాడు. పాదు సగం నేల మీద ఉంది. లోపలికొచ్చి గిటారు చూశాడు, నన్ను చూశాడు. బాధపడ్డాడనుకున్నాను.

"నా తీగలు తీసేశావా?"

"అవి మంచివే..."

"సువార్తా."

"బాలేవు మార్క్. ఒక్కటీ బాలేదు. చెవిలో గుచ్చుకుంటున్నాయి."

ఏడుపొస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది. తను కూడా అందుకున్నాడు. స్టూలు మీద కూర్చుని కళ్లు తుడుచుకునేంత నవ్వు. "తొమ్మిది రోజులు ఎట్టా దాచావే? నీ ఉప్మా బాలేదని నేను పెళ్లైన రెండో రోజే చెప్పానుగా!"

"నువ్వు తెచ్చావని."

"నేను అడిగిందే తప్పు. బాగా మోగాలన్నా. అవి పాపం చెప్పినట్టే మోగుతున్నాయి." తర్వాత నిదానంగా అడిగాడు, "మరి నీకెట్టా కావాలి?"

చెప్పలేకపోయాను. మెత్తగా అన్నాను. వెచ్చగా అన్నాను. చెవికి కాదు, ఇక్కడ తగలాలని గుండె దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. మ్యూజిక్ షాపులో ఆ మాటలు చెబితే ఏమిస్తారో తెలియదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

అంట్ల స్పాంజి ముక్క కోసి తీగల కింద, అడుగున అవి బిగించిన చోట దూర్చాను. ఇది కూడా ఫోనులో చూసిందే, ఈసారి చివరిదాకా చూశాను. టంగు పోయింది. డుబ్, డుబ్, డుబ్. వేగం పాటలకి బ్రహ్మాండంగా ఉంది. చాప మీద ముసలమ్మలు తలలూపారు. అత్త నిదానం కీర్తన ఎత్తుకోగానే బండారం బయటపడింది. అక్కడ ఒక్కో స్వరం సాగాలి, ఊపిరి అయిపోయేదాకా ఉండాలి. నాది పుట్టగానే చచ్చిపోతోంది.

"రోట్లో కారం దంచినట్టుంది" అంది అత్త. కిందటిసారి కంటే మెచ్చుకోలే.

మార్చి 2, ఆదివారం

జోసఫ్ గారు ఎడమ చేత్తో వాయించి చూపించారు. తప్పేమీ లేదు. శుభ్రంగా ఉంది.

నేను కుర్చీలో కూర్చున్నాను.

మార్చి 5, బుధవారం

శనివారం ఆడవాళ్ల పాట రిహార్సల్‌కి రమ్మని అత్త మళ్లీ అడిగింది. గొంతింకా మానుతోందన్నాను.

డాక్టరమ్మ దగ్గరికి చివరిసారి వెళ్లింది కిందటి జూన్‌లో. అప్పుడావిడ ఏదో అంది. పైకి వెళ్లకు, కింద ఎంత కావాలంటే అంత పాడుకో అంది. ఆ రోజు ఇక్కడ ఏం రాశానో చూశాను. "బస్సులో సీటు దొరికింది" అని రాశాను.

మార్చి 13, గురువారం

ఇవాళంతా రాయాలి. ఎన్ని పేజీలైతే అన్ని.

సెలవు పెట్టి మార్క్ బండిలో గుంటూరు వెళ్లాను. వెనక మిరప బస్తాలు, ముందు నేనూ, నా ఒళ్లో గిటారు. దారంతా తుమ్ములే. మార్క్‌కి ఒక్కటీ రాదు. యార్డులో తెలిసిన కాటా మనిషి బాపయ్య చెప్పాడట, పాత ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించిన ఖాజావలి గారని ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు వాయిద్యాలు బాగుచేస్తాడని. మార్క్ నన్ను ఆ సందు మొదట్లో దించి బస్తాలతో వెళ్లిపోయాడు.

సందులో చిన్న గది. గోడ నిండా డోలక్‌లు, తెరిచిన హార్మోనియం పెట్టెలు, మెడల్లేని గిటార్లు. అరవై ఐదేళ్లుంటాయి ఆయనకి, కళ్లజోడు దారంతో కట్టుకున్నాడు. గుమ్మంలో చిన్న పీట మీద ఆయన భార్య అమీర్‌బీ గారు వెల్లుల్లి ఒలుస్తున్నారు.

గిటారు ఆయన చేతికిచ్చి, ఉడకబెట్టిన సంగతితో సహా అన్నీ చెప్పాను. నవ్వలేదు. తీగ మీద గోరు పెట్టి గీశాడు. జర్రుమంది.

"ఇవి రౌండ్ తీగలమ్మా. లోపల ఒక తీగ, దాని చుట్టూ గుండ్రటి సన్న తీగ చుడతారు. అందుకే ఇట్టా గరుకు. ఆ గరుకే మీ కీచు. ఆ గరుకే మెరుపు. సినిమా పాటలకి, కుర్రాళ్ల బ్యాండ్లకి ఇవే కావాలి. వీటి తప్పేం లేదు." గోడ మీది రెండు గిటార్లు దించాడు. "దీనికి పైన నైలాన్ చుట్టిన నల్ల తీగలున్నాయి. దీనికి ఫ్లాట్ తీగలు, అంటే పైన చుట్టేది రిబ్బనులా బల్లపరుపుగా ఉంటుంది. వేలు పెట్టి చూడండి."

పెట్టాను. నున్నగా ఉంది. కొత్త గాజు మీద వేలు పెట్టినట్టు.

ఆయన రెండూ వాయించి చూపించి గుమ్మం వైపు తిరిగాడు. "ఎట్టా ఉంది?"

"మొదటిది దూది. రెండోది పరవాలేదు" అన్నారు అమీర్‌బీ గారు వెల్లుల్లి మీంచి తల ఎత్తకుండానే.

నాకు అర్థం కాలేదు. ఆయన చెవి చూపించాడు. "ముప్పై ఏళ్లు స్పీకర్ల పక్కన నిలబడ్డానమ్మా. సన్నటి మోత, పదును, నాకేమీ వినపడదు. కింది మోత ఒక్కటే తెలుస్తుంది. పైదంతా ఆవిడే చెప్పాలి. బేరానికొచ్చినవాళ్లు ఇద్దరం కలిస్తే ఒక మనిషనుకోవాలి."

"ఒకటిన్నర" అన్నారావిడ.

నల్ల తీగలు వాయించాను. ఎంత మెత్తగా ఉన్నాయో! అక్కడికక్కడే అవే తీసుకుందామనుకున్నాను. ఆయన అడిగాడు, "మీ చర్చి ఎట్టా ఉంటుంది? కింద ఏముంది?"

"టైల్స్. గోడలు సిమెంటు. తెరలేమీ లేవు."

"చప్పట్లు కొడితే మళ్లీ వినపడుతుందా?"

"రెండుసార్లు వినపడుతుంది."

"అయితే నల్లవి వద్దు. ఇక్కడ ఈ గదిలో బాగుంటాయి. అక్కడ ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య గోడ పడిపోతుంది, అంతా ఒకటే బురద. పాడేవాళ్లకి ఎక్కడ అడుగెయ్యాలో తెలియదు. పైగా ఇవి లావు, మీ గిటారు గాడిలో పట్టవు, కొయ్యాలి."

ఫ్లాట్ తీగలు వాయించాను. మంచివే. అయినా ఏదో తక్కువైంది. అది కాదన్నాను. మెత్తగా కావాలన్నాను, వెచ్చగా కావాలన్నాను. మార్క్‌కి చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మాటల్తో రాదమ్మా అది. నోటితో అని చూపించండి."

"ఏమిటి?"

"మీకు కావలసిన మోత. ఊఁ అని. ఎట్టా సాగాలో, ఎక్కడ ఆగాలో. అందరినీ అదే అడుగుతాను."

నాకు రాదన్నాను. గొంతు బాలేదన్నాను. ఆపరేషనైందన్నాను. ఆయన తలూపాడు, తాపీగా స్క్రూలు డబ్బాలో వేసుకుంటున్నాడు. జాలిపడలేదు. అయ్యో అనలేదు. నేనెవరో, ఎట్టా పాడేదాన్నో ఆయనకి తెలియదు. దర్జీ కొలత కోసం చెయ్యి చాపమన్నట్టు ఎదురుచూస్తున్నాడంతే.

అన్నాను.

ఆ నిదానం కీర్తన మొదటి పాదం. మాటల్లేకుండా, నోరు మూసుకుని, కింద. మొదట గాలే వచ్చింది. తర్వాత ఏదో వచ్చింది. బొంగురుగా, అంచులు చిరిగినట్టు, అయినా శ్రుతి మీదే ఉంది. ఊపిరి అయ్యేదాకా సాగదీశాను. గోడ మీద డోలక్ ఒకటి సన్నగా వణికింది, నిజం.

అమీర్‌బీ గారు వెల్లుల్లి ఆపారు.

"ఆఁ, ఇదన్నమాట!" అన్నాడాయన. "ముందే ఇట్టా అంటే అరగంట కలిసొచ్చేదిగా! తీగ సరైనదేనమ్మా, మీ చెయ్యి తప్పు. ఈ కింద వాయిస్తున్నారు, బిగించిన చోటుకి దగ్గరగా. అక్కడ పదునుంటుంది. పైకి రండి, మెడ దగ్గరికి. వేలి కొసతో కాదు, బొటనవేలి కండతో. లాగొద్దు, ఆనించి వదలండి."

వాయించాను.

నేను కోరుకున్నది అదే. నా నోట్లోంచి వచ్చిందే, ఇంకా కిందగా, ఇంకా పెద్దగా, గదంతా. బొటనవేలు తీయబుద్ధి కాలేదు.

"ఎట్టా ఉంది?" అనడిగాడు గుమ్మం వైపు.

"ఇద్దరిదీ ఒకటే గొంతు" అన్నారావిడ.

నా గిటారుకి కొత్త ఫ్లాట్ తీగలు బిగించాడు. ఇవి గట్టిగా లాగుతాయట, మెడ వంగుతుందట. మెడ లోపలి కడ్డీని చిన్న తాళంచెవిలాంటి దాంతో తిప్పి సరిచేశాడు. నాలుగు తీగలకీ గంటసేపు పట్టింది. ఆ గంటలో రెండు టీలు తాగాను.

"ఇవి పాతబడేకొద్దీ బాగుంటాయి. తెగితే తప్ప మార్చొద్దు. మరిగే నీళ్ల జోలికి పోవద్దు." అప్పుడు నవ్వాడు. తర్వాత, "ఏ చర్చిలో పాడతారు మీరు?" అన్నాడు.

"నేను పాడను."

"మరి ఇందాక చేసిందేంటి?"

అమీర్‌బీ గారు నా బ్యాగులో గుప్పెడు వెల్లుల్లి పోశారు, ఎందుకో.

తిరుగు దారిలో మార్క్ అన్నీ అడిగాడు. తీగల గురించి అంతా చెప్పాను. తీగల గురించే చెప్పాను.

మార్చి 16, ఆదివారం

రెండు పాటలకి వాయించనిచ్చారు. అత్త ఆగలేదు!

మార్చి 22, శనివారం

రోజూ బడి నుంచి రాగానే గంట. బొటనవేలికి కాయ కాసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నోటితో కూడా అని చూసుకుంటున్నాను. తీగ సరిగ్గా పలుకుతోందో లేదో తెలియడానికే.

మార్చి 27, గురువారం

తీగ కోసమే.

ఏప్రిల్ 5, శనివారం

అత్త అడగలేదు ఈసారి. నేనే గిటారు తీసుకుని ఆమె వెనక రిహార్సల్‌కి నడిచాను. గిటారుతో వాయించడానికే వెళ్లాను.

మొదటి పాటలోనే జోసఫ్ గారు ఎడమ చెయ్యి కీబోర్డు మీంచి తీసేశారు. రెండో పాట దాకా గాల్లోనే ఉంచారు, తర్వాత ఒళ్లో పెట్టుకున్నారు. "ఏం మార్చారండీ? మీ బేస్ వినపడట్లేదు, కానీ ఆగితే పాట పడిపోయేట్టుంది" అన్నారు. ఇంతకంటే మంచి మాట నాకెవరూ చెప్పలేదు, బేస్ గురించి. "ఈ చేతికి ఇక సెలవు. ఈస్టర్‌కి మీరే" అన్నారు.

ఎగిరి గంతెయ్యాలనిపించింది. గిటారు మెడలో ఉండబట్టి ఆగాను.

ఏప్రిల్ 12, శనివారం

ఇది ఎలా రాయాలో తెలియట్లేదు.

ఈస్టర్ పాట సాధన. మూడో పాదంలో స్వరం పైకి వెళుతుంది. అక్కడికి రాగానే అత్త ఆగిపోతుంది, మిగతావాళ్లు మెడనరాలు బిగబట్టి అందుకోబోతారు, సగంమందికి అందదు. తీగలు మారినా ఇది మారలేదు. ఇన్నాళ్లూ నా తీగల గోలలో పట్టించుకోలేదు. ఇవాళ కింద అంతా సాఫీగా ఉండేసరికి పైన ఎంత కష్టపడుతున్నారో వినపడింది.

"శ్రుతి ఎక్కువైంది కదండీ, తగ్గించకూడదా?" అన్నాను జోసఫ్ గారితో.

ఆయన కీబోర్డు మీది దుమ్ము తుడిచారు. ఆడవాళ్లు చాప అంచులు సర్దుకుంటున్నారు.

"ఎన్నాళ్ల నుంచి ఇంత పైన పాడుతున్నారు?"

అత్తే చెప్పింది. "నువ్వు పాడినప్పటి సుతేనే అది."

"నేను మానేసి ఏడాది దాటింది కదా!"

"మార్చమంటావా అని అడిగాడు జోసఫు. వద్దన్నాం మేం. అందరం కలిసే వద్దన్నాం. నువ్వు తిరిగొచ్చేసరికి నీ సుతి లేకపోతే ఎట్టా?"

పద్నాలుగు మంది ఆడవాళ్లు. మిరపకోతకి పోయి, పొద్దంతా ఎండలో వంగి, శనివారం సాయంత్రం వచ్చి అందని స్వరం కోసం గొంతులు చించుకుంటున్నారు. పదహారు నెలలుగా. నా చోటు నాకుంచడానికి. నేనేమో వాళ్లు నన్ను మర్చిపోయారని ఎన్ని పేజీలు నింపానో.

వీళ్లకి ఏం చెప్పాలి? చెప్పాల్సింది ఒక్కటే ఉంది.

"ఆ గొంతు రాదత్తా" అన్నాను. "అది పోయింది. తగ్గించండి జోసఫ్ గారూ."

"ఎంత తగ్గించమంటారు?"

నోటితో అన్నాను, మొదటి పాదం, నాకు అందే చోట. వాళ్లందరి ముందూ. ఆయన కీబోర్డు మీద మూడు మెట్లు కిందికి దిగి మీట పట్టుకున్నారు. అక్కడ పాట ఎత్తుకుంటే మూడో పాదం దగ్గర ఒక్కరూ ఆగలేదు. అత్త గొంతు ఇంత పెద్దదా! పంతొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాను, నాకే తెలియదు. నా పై గొంతు కింద ఎన్నేళ్లు అణిగి ఉందో.

ఇంటికి నడుస్తూ ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చాను కొంచెం. మంచి ఏడుపు.

ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

పిల్లలు మట్టలు పట్టుకుని ఊరంతా తిరిగారు. జోసఫ్ గారి ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

ఏప్రిల్ 20, ఈస్టర్

తెల్లవారకముందే చర్చి నిండిపోయింది. మగవాళ్లు గుమ్మం బయట దాకా నిలబడ్డారు. అత్త ఇస్త్రీ మడత నలగని తెల్లచీర కట్టింది. నేను నా కుర్చీలో, కీబోర్డు పక్కన.

ఈస్టర్ పాట ఎత్తుకున్నారు. బొటనవేలు ఆనించి వదిలాను. మొదటి స్వరం టైల్స్ మీంచి వెళ్లి పాదాల్లోంచి ఎక్కింది. ముందు వరసలో ఎవరో కాళ్ల వైపు చూసుకున్నారు. దాని మీద అత్త, అత్త మీద పద్నాలుగు మంది. మూడో పాదం వచ్చింది, దాటింది. రెండో చరణం. మళ్లీ మూడో పాదం.

నేను పాడలేదు అని రాద్దామనుకున్నాను. వాయించడంలో ఉన్నాను, పెదవులు కదిలాయేమో అని రాద్దామనుకున్నాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా ఎందుకు?

పాడాను. రెండో చరణం నుంచి చివరిదాకా, నోరు తెరిచి, మాటలతో సహా. బొంగురు గొంతుతో. పై స్వరం పాడిన రోజుల్లో నా గొంతు నాకొక్కటే వినపడేది. ఇవాళ అది ఎక్కడ మొదలైందో, అత్తది ఎక్కడ ఆగిందో, తీగది ఎక్కడ ఉందో తెలియలేదు. పాటయ్యాక గుమ్మం దగ్గర మార్క్ కనిపించాడు. తుమ్మినట్టు మొహం పెట్టి కళ్లు తుడుచుకుంటున్నాడు. మిరప బస్తాలకే తుమ్మని మనిషి!

ఆరాధన అయ్యాక జోసఫ్ గారు నోటు పుస్తకం పట్టుకొచ్చారు. మే నెలలో జరిగే చర్చి కూడికలకి పాడేవాళ్ల పేర్లు పంపాలట. పెన్ను తీసి, మొహమాటపడుతూ అడిగారు, "టీచర్ గారూ, మీ పేరు బేస్ దగ్గర రాశాను. పాటలో కూడా... ఏ వరసలో రాయమంటారు?"

"కింద వరసలో. అత్త పక్కన."

"అయితే ఆ కుర్చీ అక్కడెందుకంటా?" అంది అత్త, చర్చంతా వినపడేట్టు. "ఒరేయ్ మార్కూ! ఆ స్పీకరు పెట్టె ఇటు పట్రా!"

బరువు పెట్టె. మార్క్ ఎత్తి, మగవాళ్ల మధ్యలోంచి దాటించి, ఆడవాళ్ల చాప పక్కన దించాడు. వైరు అందింది. అత్త కాస్త జరిగి చోటిచ్చింది. మధ్యాహ్నం పలావు వడ్డించేదాకా నేనూ అత్తా అక్కడే కూర్చుని, ఒకటి తర్వాత ఒకటి, తెలిసిన నిదానం పాటలన్నీ పాడాం.